డిస్కులో పట్టని ఆరు వందల మంది

రోజు 1

పొద్దున ఆరింటికి పాత డిస్కు ఆగిపోయింది. రెండు నెలలుగా లోపల టిక్కు టిక్కుమంటూనే ఉంది. కొత్తది కావాలని మూడుసార్లు రాసిచ్చాను. ఇవాళ ఆ చప్పుడు కూడా లేదు. పోతూ పోతూ తనను సిస్టమ్‌కు కలిపే కార్డును కూడా కాల్చేసింది.

ఆఫీసు పుస్తకంలో "డిస్కు పోయింది, మార్చాలి" అని ఒక్క ముక్క రాశాను. మిగతాది ఈ నోటుబుక్కులో రాస్తున్నాను. పన్నెండో గనిలో సిస్టమ్ చూసేది నేనొక్కదాన్నే. నాకేమన్నా అయితే ఇంకొకరు ఇది చదివి పని అందుకోవాలి.

బొగ్గు తవ్విన సొరంగాలను గుల్లాయిలంటాం. పైన ఎండకు మనిషి బతకలేడు కాబట్టి ఇప్పుడవే మా వీధులు. ఐదు గుల్లాయిల్లో రెండు వేల మూడు వందల పదకొండు మందిమి ఉంటున్నాం. ప్రతి మనిషి ముఖం, గొంతు, రోజూ తీసే ఊపిరి లెక్క రిజిస్టరులో ఉంటాయి. మనిషికి ఒక గిగాబైటు పడుతుంది. ఏ గుల్లాయిలో ఎందరున్నారో చూసి సిస్టమ్ అంత గాలి పంపుతుంది. రిజిస్టరులో మనిషి లేని గుల్లాయికి గాలి తలుపు మూసేస్తుంది.

సిస్టమ్ లేకపోతే అన్ని తలుపులూ తెరిచిపెట్టి ఫ్యాన్లన్నీ పూర్తి వేగంతో తిప్పాలి. పైన ఎండలో పరిచిన పలకల కరెంటు అంత పనికి చాలదు. బ్యాటరీలు పన్నెండు రోజులు వస్తాయి.

ఫ్యాన్లు చూసే కనకయ్య, గాలి తలుపులను చేత్తో తెరిచి పట్టడానికి షిఫ్టుకు నలభై మందిని నిలబెట్టాడు. ఆయనది ఐదో గుల్లాయి. ఎనిమిదేళ్ల కింద మూడో గని మునిగినప్పుడు వందల మందిని వెంటబెట్టుకుని ఇక్కడికి నడిచొచ్చాడు. నా పెనిమిటి రాజలింగు కూడా ఆ గుంపులోనే వచ్చాడు. రాజలింగు పంపు దగ్గర పోయి రెండేళ్లయింది. ఆయనకు కనకయ్య అన్న వరస, కాబట్టి నాకు బావ.

"ఎన్ని దినాలు పడ్తది సారక్కా?" అని అడిగాడు.

"డిస్కు దొరికితే రెండు దినాలు."

"దొరుకుతది తియ్యి. పైన పాత ఆఫీసుల ఒక బీరువ ఉన్నది. ఎవ్వరు ముట్టలే దాన్ని."

రోజు 2

కనకయ్య తెల్లవారకముందే తడి గొంగడి కప్పుకుని పైకి పోయాడు. ఏడింటికి దిగేసరికి ఎండకు రెండు చెవులూ బొబ్బలెక్కి ఉన్నాయి. భార్య లచ్చవ్వ పాత చీర ముక్కలో చుట్టి డిస్కు తెచ్చాడు. సీలు కూడా విప్పలేదు. మీద నాలుగు వేల గిగాబైట్లని రాసి ఉంది. మా జనానికి, సిస్టమ్‌కు పోనూ ఇంకా సగానికి దగ్గర మిగులుతుంది.

లచ్చవ్వ ఆయన చెవులకు కలబంద రాస్తూ తిడుతూనే ఉంది. "యాభై ఎనిమిదేండ్లొచ్చినయి. ఇంకొకరిని పంపరాదా?"

"ఇంకొకరు పోతే చిన్న డిస్కు తెస్తరు," అన్నాడాయన నాకు కన్ను గీటుతూ.

వాళ్లిద్దరికీ ఇది రెండో పెళ్లి. ఇక్కడికొచ్చాకే చేసుకున్నారు. అప్పటిదాకా లచ్చవ్వ రిజిస్టరులో పేరు రాయించుకోనే లేదట. నంబర్లు గుల్లాయిల వరుసలో, ఒక్కో గుల్లాయిలో పేరు రాయించిన వరుసలో పడతాయి. అందుకే ఆయన నంబరు 1,704, ఆమెది 2,297.

కాలిన కార్డు తీసేసి నా గది బీరువాలో ఉన్న ఇంకో పాత కార్డు పెట్టాను. డిస్కు కలిపి సిస్టమ్ వేయడం మొదలుపెట్టాను. ఏ డిస్కులో వేయాలో చెప్పమని తెర అడిగింది. కింద ఒకటే డిస్కు కనిపించింది.

1,801 గిగాబైట్లు.

మళ్లీ చదివాను. డిస్కు తీసి పైన రాసింది చూశాను. నాలుగు వేలే. తిరిగి పెట్టాను. 1,801.

రోజు 3

చేసినవన్నీ వరుసగా రాస్తున్నాను. తీగ మార్చాను. కరెంటు వేరే చోటు నుంచి ఇచ్చాను. డిస్కు వెనక చిన్న క్లిప్పు పెడితే సామర్థ్యం తగ్గించి చూపే పాత డిస్కులుంటాయి, దీనికి క్లిప్పు లేదు. లోపల దాచిన భాగం ఏమన్నా ఉందేమోనని వెతికాను, లేదు. మొత్తం తుడిచి మొదటి నుంచి వేశాను. ప్రతిసారీ 1,801. చెడిపోయిన డిస్కయితే అంకె మారుతూ ఉండాలి. ఇది మారడం లేదు.

మధ్యాహ్నం ఏజెంటు వసుంధర మేడం వచ్చారు. గనికి పెద్ద ఆమే. అంతకుముందు బడిలో పంతులమ్మ. నాకు ఎక్కాలు నేర్పింది ఆమె. ఇప్పటికీ గొంతు పెంచి మాట్లాడరు.

"సిస్టమ్‌కు ఎంత పోతుంది సారక్కా?"

"నూటొకటి మేడం."

"అంటే పదిహేడు వందల మంది పడతారు."

"ఇది తప్పు లెక్క మేడం. డిస్కు నాలుగు వేలది. ఎక్కడో చిన్న తప్పు ఉంది, దొరుకుతుంది."

"దొరకకపోతే అని అడుగుతున్నా."

ఆమె చిన్న కాగితం మీద 1,700 అని రాసుకుని మడిచి రొంటిన దోపుకున్నారు. పై నాలుగు గుల్లాయిల జనం పదహారు వందల ఎనభై తొమ్మిది. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు.

రేణుకకు ఆయాసం పెరిగింది. నా కూతురికి ఏడేళ్లు. చేత్తో తలుపులు తెరిచి వదిలే ఈ గాలి దాని ఊపిరికి సరిపోవడం లేదు. పని అయ్యేదాకా లచ్చవ్వ దగ్గర వదిలాను. ఆమె దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వీపు రాస్తూ పుట్టగొడుగులు ఒలుస్తోంది.

రోజు 4

సుద్ద ముక్కతో గోడ మీద లెక్క వేశాను. నాలుగు వేలలోంచి పద్దెనిమిది వందల ఒకటి తీస్తే రెండు వేల నూట తొంభై తొమ్మిది. ఈ అంకె ఎక్కడో చూశాననిపించింది. పాత కార్డు తీసి దాని కాగితం వెతికాను. "గరిష్ఠం 2,199" అని ఉంది.

డిస్కు మంచిదే. కార్డుకే లెక్క రాదు. రెండు వేల నూట తొంభై తొమ్మిది దాకా లెక్కపెట్టి, ఆ తర్వాత మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతోంది. పాత బండి మీటరు తొంభై తొమ్మిది వేలు దాటాక సున్నాలకొచ్చినట్టు. అట్లా సున్నా నుంచి రెండోసారి లెక్కపెట్టిందే తెర మీద చూపిస్తోంది.

కనకయ్యకు ఇదంతా విడమరిచి చెప్పాను. ఆయన బొబ్బల చెవి మెల్లగా తడుముకుంటూ విన్నాడు.

"అంటె నేను తెచ్చింది సరైందే."

"సరైందే బావా."

"గంతే చాలు. ఇంక నువ్వు చూసుకుంటవు."

ఇంకో కార్డు దొరకాలి. సామాన్ల గదిలో ఉన్నవి మూడు. మూడూ ఇదే రకం.

రోజు 5

దొరికింది.

పాత బడి గదిలో పనికిరాని సామాను కింద డిస్కును విడిగా పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంది. ఒకవైపు తీగ బయటికొచ్చి ఉంది. దానికి సొంత చిప్పు ఉంటుంది, కాబట్టి కార్డుతో పనే లేదు. డిస్కు అందులో పెట్టి సిస్టమ్‌కు గుచ్చాను. తెర మీద 4,000 అని వచ్చింది.

ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. తర్వాత ఏజెంటు గదికి పరిగెత్తాను. దారిలో కనకయ్య ఫ్యాను దగ్గరే ఉన్నాడు. ఆగి చెప్పి ఉండాల్సింది. పెద్ద ఆమెకు ముందు చెప్పడం పద్ధతి అనుకుని ఆగలేదు.

మేడం అంతా విన్నారు. లేచి తలుపు దగ్గరికి వేసి, గ్లాసులో నీళ్లు పోసి నాకిచ్చారు.

"ఎవరికైనా చెప్పినవా?"

"ఇంకా లేదు."

"చెప్పకు."

నాకు అర్థం కాలేదు. ఆమె కూర్చుని, బడిలో లెక్క చెప్పినట్టే నెమ్మదిగా చెప్పుకొచ్చారు. పలకలు ఏటా కొన్ని పగులుతున్నాయి. ఊటనీరు తగ్గుతోంది. ఇంతమందితో అయితే గని నాలుగేళ్లు వస్తుంది. ఆరు వందల మంది తగ్గితే తొమ్మిదేళ్లు.

"ఐదో గుల్లాయి వాళ్లకు వాళ్ల మూడో గని ఉంది. నీళ్లు ఇంకిపోయి ఉంటాయి ఈపాటికి. పదకొండు కిలోమీటర్లే. చంపమనడం లేదు నేను."

"ఇంకిపోయినయని ఎవరన్నా చూసినారా మేడం?"

"ఎనిమిదేళ్లయింది," అన్నారామె. అదే జవాబు.

నేను లేవబోయాను. అప్పుడు ఆమె రొంటినుంచి ఆ మడిచిన కాగితం తీశారు. పదిహేడు వందల్లో పైవాళ్లు పోగా పదకొండు చోట్లు మిగిలాయి. కాగితం మీద పదకొండు గీతలున్నాయి. మొదటి గీత మీద రేణుక పేరుంది.

"బిడ్డ తండ్రి ఐదో గుల్లాయి మనిషి. రిజిస్టరులో అది తండ్రి వైపే ఉంది. నంబరు రెండు వేల నలభై. పదిహేడు వందల గీతకు నీ పేరు పైన, దాని పేరు కింద. ఈ పేరు ఇక్కడ ఉంచనా, కొట్టెయ్యనా?"

"డిస్కు నాలుగు వేలు చూపిస్తుంది మేడం. నేను ఇప్పుడు బయటికి పోయి అందరికీ చెప్తే?"

"చెప్పు. నేను ఇప్పుడే ఆ డబ్బా పగలగొట్టిస్తా. గని కాపలా సర్దార్లు నా మాట వింటారు. అప్పుడు అందరికీ 1,801 మాత్రమే. ఈ కాగితం కూడా ఉండదు." కొంచెం ఆగి, "ఊపిరి బాగాలేని పిల్ల, అంత దూరం నడుస్తుందా?" అన్నారు.

గ్లాసులో నీళ్లు తాగాను. ఆ నీళ్లు ఎందుకు తాగానో ఇప్పటికీ నాకు తెలియదు. దప్పిక లేదు.

డబ్బా తెచ్చి తనకు ఇవ్వమన్నారు. వెళ్లి తిరిగొచ్చి, తీస్తుంటే కింద పడి పగిలిపోయింది, చిప్పు పనిచేయదు, పారేశానని చెప్పాను. దాన్ని నా పెట్టె అడుగున బట్టల్లో దాచాను. ఆ ఒక్క అబద్ధం ఆమెకు చెప్పాను. మిగతా అబద్ధాలన్నీ ఐదో గుల్లాయి వాళ్లకు చెప్పబోతున్నానని అప్పటికే తెలుసు.

రోజు 6

ఐదు గుల్లాయిలూ కలిసే చోట అందరినీ పోగుచేశారు. మేడం ఉన్నదున్నట్టు చెప్పినట్టే చెప్పారు. డిస్కు చిన్నదిగా చూపిస్తోంది. ఆరు రోజుల్లో బ్యాటరీలు అయిపోతాయి. సారక్క అన్నీ చేసి చూసింది. పదిహేడు వందల మందికి మించి సిస్టమ్ మోయదు.

ఐదో గుల్లాయి నుంచి ఒకామె లేచి అంది. "పై గుల్లాయిల్ల సర్దుకుంటం మేడం. మూలకు పండుకుంటం."

"పదిహేడు వందల మంది గాలిలో ఇరవై మూడు వందల మంది పడుకుంటే ముందు పిల్లలు పోతారమ్మా. మీ పిల్లలు, మా పిల్లలు."

పైవాళ్లలో చాలామంది కాళ్ల వంక చూసుకుంటున్నారు. మేడం కాగితం తీసి పదకొండు పేర్లు చదివారు. రేణుక, మంత్రసాని, పంపులు బాగుచేసే ఇద్దరు, ఇట్లా. చివరి పేరు కనకయ్యది.

"లచ్చవ్వ పేరు చదవలేదు మేడం," అన్నాడు కనకయ్య.

"ఒక్క చోటే ఉంది."

"అయితె నాది తీసెయ్యుండ్రి. ఇంకొకరికి ఇయ్యుండ్రి."

అప్పటికి జనం లేచి అరవడం మొదలుపెట్టారు. యువకులు కొందరు సర్దార్ల మీదికి పోయారు. కనకయ్య చెయ్యెత్తి ఆపాడు. ఆయన మాట వాళ్లు వింటారు. జనంలోంచి నడిచి నా ముందుకొచ్చాడు.

"కొట్లాడేటందుకు ఏమన్న ఉంటె కొట్లాడుదాం. లేని దానికి ఎందుకు? మా సారక్క చూసింది గద. ఆమె కాదంటె కాదు." నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు సారక్కా. మొన్న కార్డు అన్నవు. ఇంక మార్గమేమన్న ఉన్నదా?"

నా వెనక మేడం చెయ్యి రేణుక భుజం మీద ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు.

"లేదు బావా," అన్నాను.

ఆయన తలూపాడు. నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు ఏడ్వకు, నువ్వేం చేస్తవు," అన్నాడు. నేను ఏడవడం లేదు. ఏడుస్తున్నానని ఎందుకనుకున్నాడో.

రోజు 7

సాయంత్రం ఎండ దిగాక బయలుదేరారు. ఆరు వందల పదకొండు మంది. గని మూతి దగ్గర ఒక్కొక్కరే పోగలిగేలా గుండ్రంగా తిరిగే ఇనుప తలుపు ఉంది. సిస్టమ్ లేదు కాబట్టి సర్దారు హ్యాండిల్ తిప్పుతూ ఒక్కొక్కరినీ పంపాడు. నేను పేర్లకు టిక్కు పెట్టాను. మనిషికి రెండు సీసాల నీళ్లిచ్చారు.

లచ్చవ్వ నా దగ్గర ఆగి ఒక చిన్న మూట ఇచ్చింది. "ఆయాసం మందు పొడి చేసిన. రెండు పూటల గోరువెచ్చని నీళ్లల్ల కలిపి తాపు. పొల్ల రాత్రుల్ల వెల్లకిల పండుకుంటె ఆయాసం ఎక్కువైతది, పక్కకు తిప్పుతుండు."

"సరే అక్కా," అన్నాను. ఆమె పేరుకు టిక్కు పెట్టాను.

అందరూ పోయాక సర్దారు హ్యాండిల్ ఊడదీసి ఏజెంటు గదిలో పెట్టి తాళం వేశాడు.

రోజు 8

సిస్టమ్ వేశాను. పాత కార్డు మీదే, 1,801 లోనే. రిజిస్టరు నకలు ఇరవై నాలుగు చిన్న డిస్కుల్లో ఉంది, ఒక్కోదాంట్లో వంద మంది. ఒక్కొక్కటే గుచ్చి ఎక్కించాను. పదహారు ఎక్కాక పదిహేడోదాంట్లో కొంత, ఆపైన పదకొండు పేర్లు. చోటు నిండింది. సిస్టమ్ లేచింది. ఫ్యాన్లు నెమ్మదించాయి. జనం చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నానికి ఐదో గుల్లాయి ఖాళీ అని తెలుసుకుని సిస్టమ్ దాని గాలి తలుపు మూసింది. నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

రేణుకకు మొదటి గుల్లాయిలో, ఫ్యానుకు దగ్గరగా మంచం ఇచ్చారు. ఆయాసం తగ్గింది. పక్కకు తిప్పి పడుకోబెడుతున్నాను.

రెండో షిఫ్టులో వైర్‌లెస్‌లో కనకయ్య గొంతు వచ్చింది. సగం గరగర. "చేరినం. మెట్ల దాక నీళ్లున్నయి సారక్కా. దిగేటట్టు లేదు. ఇంజిను గదిల నీడకు కూసున్నం. అందరు పడ్తలేరు దీంట్ల. వంతులు పెట్టినం."

నేను మాట్లాడేలోగా మేడం వచ్చి బ్యాటరీ తగ్గుతుందని వైర్‌లెస్ ఆపేశారు.

రోజు 9

ఇవాళ రాయడానికేమీ లేదు. పైన యాభై ఏడు డిగ్రీలు. రెండు సీసాల నీళ్లు.

అన్నం తిన్నాను. తిన్నానని రాస్తున్నాను, ఎందుకంటే తినలేకపోయానని రాస్తే అబద్ధమవుతుంది.

రోజు 10

పొద్దున ఎనిమిదింటికి మూతి దగ్గరి కెమెరా గంట మోగింది. సిస్టమ్ తెర మీద వరుసగా ముఖాలు పడటం మొదలైంది. ప్రతి ముఖం కింద ఒకటే మాట. తెలియని వ్యక్తి. తెలియని వ్యక్తి. తెలియని వ్యక్తి.

తిరిగొచ్చారు. పొద్దెక్కక ముందే చేరాలని నడిచారు, చేరలేకపోయారు. ముందున్నది కనకయ్య. చీరకొంగు కప్పుకున్న లచ్చవ్వను వీపున మోస్తున్నాడు. కెమెరాకు దగ్గరగా ముఖం పెట్టి ఏదో అంటున్నాడు. గొంతు రావడం లేదు.

మేడం గదికి పోయాను. "హ్యాండిల్ ఇయ్యండి మేడం."

"ఇప్పుడు తలుపు తీస్తే పోయినసారి చేసిన పని మళ్లీ చేయాలి," అన్నారామె. ఆమె ముందు తాగుతున్న టీ ఉంది. "చూడకు. కెమెరా ఆపెయ్."

వెనక్కి వచ్చి నా గదికి లోపల గొళ్లెం పెట్టాను. పెట్టె అడుగు నుంచి డబ్బా తీశాను. కార్డు నుంచి డిస్కు ఊడదీసి డబ్బాలో పెట్టాను. మూడు నిమిషాలు. ఇంకా చోటుందని సిస్టమ్‌కు చెప్పడానికి పది నిమిషాలు. 4,000 వచ్చింది. నకలు డిస్కులు, పదిహేడు నుంచి ఇరవై నాలుగు దాకా ఎనిమిది, వరుసగా బల్ల మీద పేర్చి ఎక్కించడం మొదలుపెట్టాను.

మనిషికి పది సెకన్లు. ఒక పేరు ఎక్కగానే తలుపు ఆ ముఖాన్ని గుర్తుపట్టి ఆ ఒక్కరికీ తెరుచుకుని మూసుకుంటుంది. కొందరు ఏం జరుగుతోందో తెలియక నిలబడిపోయారు. తలుపు తెరుచుకుంది ఎవరికో తెలిసేసరికి మూసుకుంది. తర్వాత అర్థం చేసుకుని వరుసకు వచ్చారు. పదిహేడు అయింది. పద్దెనిమిదిలో నాలుగో పేరు 1,704. తలుపు కనకయ్యకు తెరుచుకుంది. ఆయన వీపు మీది మనిషితో కలిసి రాబోయాడు. ఇద్దరుంటే ఆ తలుపు తిరగదు. ఆయన వెనక్కి జరిగి ఇంకొకరికి దారిచ్చాడు. తలుపు పక్కన గోడ నీడ జానెడే ఉంది. అందులో లచ్చవ్వను కూర్చోబెట్టి తను ఎండకు అడ్డం నిలబడ్డాడు.

బయట మేడం మనుషులు నా తలుపు కొడుతున్నారు. నేను డిస్కులు మారుస్తున్నాను. పంతొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటి.

ఇరవై రెండు సగంలో ఉండగా కనకయ్య కిందికి వంగాడు. లచ్చవ్వ భుజం కుదిపాడు. ఆమె ముఖం పైకెత్తి కెమెరా వైపు తిప్పి పట్టుకున్నాడు. తెలియని వ్యక్తి.

ఇరవై మూడో డిస్కు నా మోచేతి పక్కనే ఉంది. దాన్ని ముందు పెట్టి ఉండొచ్చు. వరుస నేను పెట్టుకున్నదే. ఎవరూ పెట్టమనలేదు. ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు అన్న అలవాటు తప్ప అడ్డమేమీ లేదు. ఆ సంగతి నాకు అప్పుడు, ఆ ముఖం చూశాకే తట్టింది.

2,297 ఎక్కింది. తలుపు లచ్చవ్వకు తెరుచుకుంది. కొంతసేపు అట్లాగే తెరుచుకుని ఉండి, ఎవరూ రాకపోయేసరికి మూసుకుంది.

రోజు 11

పోయినవాళ్లు ఆరు వందల పదకొండు. మూతి దాకా తిరిగొచ్చినవాళ్లు ఐదు వందల డెబ్బై నాలుగు. లోపలికి వచ్చినవాళ్లు ఐదు వందల అరవై. అంటే నేను డిస్కులు మారుస్తుండగా తలుపు ముందు పోయినవాళ్లు పద్నాలుగు మంది. దారిలో పోయినవాళ్లు ముప్పై ఏడు.

ఐదో గుల్లాయి గాలి తలుపు దానంతటదే తెరుచుకుంది. బ్యాటరీలు బాగానే ఉన్నాయి.

కనకయ్య అందరికంటే చివర వచ్చాడు. ఇవాళ సాయంత్రం నా గదికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి. బల్ల మీది డబ్బాను చూశాడు.

"ఇదేనా?"

"ఇదే బావా."

"ఎప్పుడు దొరికింది?"

నిన్ననే అని చెప్పవచ్చు. ఆయన నమ్ముతాడు. నేనేం చెప్పినా నమ్ముతాడు.

"ఐదో దినం," అన్నాను. "నువ్వు నన్నడిగిన దానికి ముందు దినం."

తిడతాడేమో, కొడతాడేమో అని కూర్చున్నాను. చివరికి, "పొల్ల ఎట్లున్నది?" అన్నాడు.

"బాగుంది."

"మంచిది," అని లేచాడు. "రేపు అందరు కూసుంటున్నరు. ఇదంత అక్కడ చెప్పాలె నువ్వు. నాకు చెప్పినట్టె చెప్పు."

రోజు 12

చెప్పాను. ఈ నోటుబుక్కు తెచ్చి మొదటి రోజు నుంచి చదివాను. రేణుక వింటోంది. దాన్ని అక్కడ ఉంచొద్దని నేను అడిగాను. దాని తండ్రి వైపు వాళ్లు ఉండాలన్నారు.

ఐదో రోజు చదివినప్పుడు మేడం లేచారు. కోపం లేదు, తొందర లేదు.

"నేను ఇట్లా అనలేదు. డబ్బా సంగతి నాకు తెలియనే తెలియదు. తెలిస్తే ఇంతమందిని ఎందుకు పంపుతా? మార్గం ఉందా అని కనకయ్య అందరి ముందు అడిగాడు. లేదని ఎవరన్నారు? మీరంతా విన్నారు కదా."

అందరూ విన్నారు. ఆమె గదిలో మాట్లాడిన మాట ఎవరూ వినలేదు. పైగుల్లాయిల వాళ్లు తలలూపారు. వాళ్లకు ఆ మాట నమ్మడం తేలిక. హ్యాండిల్ ఎందుకు తాళం వేశారని ఒకాయన అడిగాడు. సర్దారు వేశాడని ఆమె చెప్పారు. సర్దారు నేల చూశాడు. ఆమె ఏజెంటుగానే ఉన్నారు.

నన్నేం చేయాలన్నది ఐదో గుల్లాయి వాళ్లకు వదిలేశారు. బయటికి పంపాలని కొందరన్నారు. తమ్ముణ్ని తలుపు ముందు పోగొట్టుకున్న ఒక పిల్ల నా ముఖం మీద ఉమ్మింది. కనకయ్య ఆమెను ఆపలేదు. అందరూ అయ్యాక లేచాడు.

"సిస్టమ్ ఇంకెవ్వరికి రాదు. ఈమె పోతే మనం పోతం. ఉండనీయుండ్రి. పని చెయ్యనీయుండ్రి." నా వైపు చూడకుండా మాట్లాడాడు. "రాజలింగు బిడ్డ మాత్రం మన దాంట్ల పుట్టింది. మన గుల్లాయిల ఉంటది. నేను చూసుకుంట. తల్లి రావద్దు."

ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు. ఐదో గుల్లాయిలో గాలి తక్కువని, దాని ఊపిరి బాగాలేదని అనబోయాను. ఆ మాట అక్కడ ఎట్లా అనను?

రేణుక తన బట్టలు తనే మూట కట్టుకుంది. నేను దగ్గరికి పోతే ఒక అడుగు వెనక్కి వేసింది. కనకయ్య చెయ్యి చాపితే పట్టుకుంది. రెండు పూటలా పొడి పోయాలని, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని ఆయనకు చెప్పాను. "తెలుసు," అన్నాడు.

మనిషి గుల్లాయి మారితే రిజిస్టరులో అదే రోజు మార్చాలి, లేకపోతే గాలి వాళ్లున్న చోటికి పోదు. అది నా పనే. నంబరు 2,040 తెరిచాను. తల్లి పేరు దగ్గర నా పేరుంది. గుల్లాయి ఒకటి అని ఉన్న చోట ఐదు అని కొట్టాను. ఖాయమేనా అని తెర అడిగింది.

ఔను అని నొక్కాను.